పిల్లిని తెచ్చుకునే ముందు కొనాల్సినవి: ఏది ఎంచుకోవాలి, ఏది మానేయాలి

పిల్లి సామాన్ల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెడితే గంట ఇట్టే గడిచిపోతుంది. చెవుల ఆకారంలో గిన్నెలు, ఇగ్లూ లాంటి పరుపులు, పారదర్శక ప్లాస్టిక్ డోమ్ ఉన్న బ్యాక్‌ప్యాకులు, పువ్వుల వాసన వచ్చే లిట్టర్ (పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్లే ట్రేలో పోసే మట్టి లాంటిది). చూడముచ్చటగానే ఉంటాయి. కాకపోతే వాటిలో సగం డబ్బులిచ్చే మనిషి కంటికి నచ్చేలా చేసినవి. వాడాల్సింది మాత్రం పిల్లి. దాని ఒళ్లు, దాని ముక్కు, దాని అలవాట్లు వేరు. మన కంటికీ దాని అవసరానికీ పొత్తు కుదరని చోట దాని మాటే వినడం మంచిది. లేదంటే కొన్నది మూలన పడి ఉంటుంది, పిల్లి సోఫా వెనక ఒంటికి వెళ్తుంది.

అందుకే కార్ట్‌లో ఏదీ వేయకముందు ఒక్క ఫోన్ కాల్ చేయండి. పిల్లిని మీకు ఇస్తున్నది జంతువుల షెల్టర్ అయినా, తెలిసినవాళ్లయినా రెండు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు ఏ ఫుడ్ తింటోంది? ఒంటికీ రెంటికీ ఎలాంటి లిట్టర్ వాడుతోంది? మొదటి రెండు మూడు వారాలకు సరిగ్గా అవే కొనండి. అవి అంత మంచివి కావని మీకు అనిపించినా సరే. ఇల్లు కొత్త, మనుషులు కొత్త, వాసనలు కొత్త. అన్నీ మారిపోయినప్పుడు తిండి, లిట్టర్ అయినా పాతవే ఉంటే పిల్లికి టెన్షన్ తగ్గుతుంది. మార్చాలనుకుంటే అది కుదురుకున్నాక నెమ్మదిగా మార్చవచ్చు.

డబ్బు విషయంలో నా లెక్క ఇది: లిట్టర్ ట్రే, క్యారియర్ (పిల్లిని మోసుకెళ్లే పెట్టె), గోళ్లు గీరుకునే పోస్ట్ (స్తంభం), ఈ మూడింటి దగ్గర పిసినారితనం వద్దు. పరుపు, బొమ్మలు, గిన్నెల దగ్గర ఎంత పొదుపు చేసినా నష్టం లేదు.

లిట్టర్ ట్రే: మూత కంటే సైజు ముఖ్యం

మూత ఉన్నది కొనాలా, లేనిది కొనాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సింది ట్రే ఎంత పొడవు ఉందని. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఎంత పొడవుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు ట్రే ఉండాలి. ఎదిగిన మామూలు పిల్లి ఒళ్లు తోక కాకుండా సుమారు 45 సెం.మీ. ఉంటుంది. అంటే ట్రే 65 నుంచి 70 సెం.మీ. దాకా కావాలి. లిట్టర్ ట్రే పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇంతకంటే చిన్నవే. చిన్న ట్రేలో పిల్లి లోపలికి వెళ్లి, తిరగడానికి చోటు లేక, ముందు కాళ్లు లోపలా వెనక భాగం అంచు మీదా పెట్టి కూర్చుంటుంది. మూత్రం బయట పడుతుంది. మనమేమో దానికి పద్ధతి తెలియదనుకుంటాం.

దీనికి సులువైన మార్గం బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ఒకవైపు గోడను నేల నుంచి 12 సెం.మీ. ఎత్తు వదిలి U ఆకారంలో కోసి, అంచును గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేస్తే చాలు. మిగతా మూడు వైపులా గోడలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి తవ్వినప్పుడు లిట్టర్ బయటకు చిమ్మదు. చిన్న కూన అయితే ఆ కోతను ఇంకా కిందికి దించాలి.

ఇప్పుడు మూత సంగతి. మూత వల్ల మనకు వాసన తక్కువగా తెలుస్తుంది, కానీ ఆ వాసనంతా లోపలే ఉంటుంది, దాన్ని పీల్చేది పిల్లి. పైగా కంటికి కనబడదు కాబట్టి శుభ్రం చేయడం రేపటికి వాయిదా పడుతుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఒకటి లోపల ఉండగా రెండోది గుమ్మం దగ్గర కాపు కాస్తుంది. ఇదంతా ఉన్నా ట్రే పెద్దదై, రోజూ శుభ్రం చేస్తుంటే చాలా పిల్లులు మూతను పట్టించుకోవు, కొన్ని ఇష్టపడతాయి కూడా. కాబట్టి మూత కావాలనుకుంటే ఊడదీయగలిగేది కొనండి. మొదటి వారం తీసి ఉంచండి, తర్వాత పెట్టి చూడండి.

పైనుంచి దూకి లోపలికి వెళ్లే రకం డబ్బాలు ఉన్నాయి. లిట్టర్ ఇల్లంతా పాకకుండా ఉండటంలో వాటిని మించినవి లేవు. కానీ కూనలకు, కీళ్ల నొప్పులున్న ముసలి పిల్లులకు అవి పనికిరావు. తనంతట తానే శుభ్రం చేసుకునే ఆటోమేటిక్ డబ్బాను మొదటిరోజే కొనమని నేను చెప్పను. చిన్న కూన బరువును కొన్ని మెషీన్ల సెన్సర్లు గుర్తించలేవు, మోటార్ చప్పుడుకు బెదిరిన పిల్లి మళ్లీ ఆ వైపు వెళ్లకపోవచ్చు. ఇంకో నష్టం కూడా ఉంది. రోజూ చేత్తో ఎత్తేవాళ్లకు, మూత్రంతో తడిసి లిట్టర్ కట్టే గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి అన్నది తెలియకుండానే లెక్క ఉంటుంది. గడ్డలు ఒక్కసారిగా పెద్దవైతే కిడ్నీలో లేదా షుగర్‌లో తేడా ఉండవచ్చు. మగ పిల్లి ట్రేలోకి పదే పదే వెళ్లి ముక్కుతున్నా గడ్డ కనబడకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది అర్ధరాత్రైనా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన విషయం.

ఎన్ని కొనాలంటే, పిల్లులు ఎన్ని ఉంటే అన్ని, ఇంకొకటి అదనంగా అని వెటర్నరీ డాక్టర్లు చెబుతారు. ఒక్క పిల్లికి రెండు. పక్కపక్కనే పెడితే పిల్లి లెక్కలో రెండూ ఒకటే, వేరువేరు చోట్ల పెట్టాలి. ఇల్లు చిన్నదై ఒక్కటే పెట్టగలిగితే రోజుకు రెండుసార్లు ఎత్తడానికి సిద్ధపడండి.

ఏ లిట్టర్?

1947కి ముందు ఇంట్లో పెంచే పిల్లులకు బూడిదో ఇసుకో వేసేవారు. ఆ ఏడాది అమెరికాలో ఎడ్ లో అనే ఆయన, ఇసుక అడిగిన పొరుగింటావిడకు నీళ్లను పీల్చే మట్టి గుళికలు ఇచ్చి చూశాడు. లిట్టర్ వ్యాపారం అక్కడే మొదలైంది. తడి తగలగానే గడ్డ కట్టే బెంటొనైట్ అనే మట్టి రకం 1980లలో వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది అదే.

పిల్లి ఓటు కూడా ఎక్కువగా దానికే. సన్నటి ఇసుకలా మెత్తగా ఉంటుంది కాబట్టి పంజాకు హాయిగా ఉంటుంది, తవ్వడం సులువు. గడ్డను జల్లి గరిటెతో ఎత్తేస్తే మిగతాది శుభ్రంగానే ఉంటుంది. లోపాలు మనకు సంబంధించినవి: బరువు, దుమ్ము, కాళ్లకు అంటుకుని గదుల్లోకి రావడం. ట్రే ముందు ఒక గరుకు చాప వేస్తే చివరిది చాలావరకు తగ్గుతుంది. దీన్ని టాయిలెట్‌లో పోయకండి, పైపులో కూడా గడ్డే కడుతుంది. ఒక్క చోట మాత్రం ఇది వద్దు: నాలుగు నెలలు నిండని కూనలు కనబడిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటాయి. వాటికి గడ్డ కట్టని మట్టి, లేదా కాగితం గుళికలు మేలు.

గడ్డ కట్టని మట్టి కొనేటప్పుడు చవకే. అయితే మూత్రం అడుగుకు దిగిపోతుంది కాబట్టి కొద్దిరోజులకోసారి మొత్తం పారబోయాలి. నెల లెక్క వేసుకుంటే ఆ చవకతనం పెద్దగా మిగలదు. సిలికా క్రిస్టల్స్ తేలిక, వాసనను బాగా పట్టి ఉంచుతాయి, ఎక్కువ రోజులు వస్తాయి. కానీ గరుకుగా ఉండటం వల్ల కొన్ని పిల్లులు వాటి మీద కాలు పెట్టవు. చెక్క గుళికలు తడిసి పొట్టుగా మారతాయి. వాటికి జల్లెడ అడుగున్న ట్రే ఉంటేనే పని సులువు. టోఫు (సోయా పనీర్), మొక్కజొన్న లాంటి వాటితో చేసినవి బరువు తక్కువ, దుమ్ము తక్కువ. గాలిలో తేమ ఎక్కువున్న చోట బూజు, పురుగు పట్టకుండా సంచిని గట్టిగా మూసి ఉంచాలి. కాగితం గుళికలు ఆపరేషన్ అయిన పిల్లులకు కూడా వాడతారు, గాయానికి దుమ్ము అంటదని.

సువాసన కలిపినవి ఏ రకంలోనైనా వద్దు. మనకు సన్నగా తెలిసే వాసన పిల్లి ముక్కుకు ఘాటుగా కొడుతుంది, ట్రేను మానేయడానికి అదే సాకు చాలు. ఏ లిట్టరైనా 5 నుంచి 7 సెం.మీ. మందాన పోసి రోజూ ఎత్తడం కంటే మంచి సువాసన లేదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్లు చేయాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. అది మనిషికి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే ముప్పు బాగా తగ్గుతుంది.

డ్రై ఫుడ్, వెట్ ఫుడ్

పిల్లి మాంసాహారి. ఇష్టం కొద్దీ కాదు, దాని ఒంటి నిర్మాణమే అది. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు చాలినంత తయారు చేసుకోలేదు, అది తిండి నుంచి అందాలి, సహజంగా అది దొరికేది జంతు మాంసంలో. టారిన్ తగ్గితే గుండె కండరం బలహీనపడుతుందని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లోని పరిశోధకులు 1987లో తేల్చారు. ఆ తర్వాత కంపెనీలు ఫుడ్‌లో టారిన్ మోతాదు పెంచాయి. చూపు కూడా దీని మీదే ఆధారపడి ఉంది. ఇంట్లో కుక్క ఉంది కదా, అదే ఫుడ్ ఇద్దరికీ పెట్టేద్దాం అనే ఆలోచన అందుకే కుదరదు.

డ్రై, వెట్ ఫుడ్‌ల మధ్య అసలు తేడా నీళ్ల దగ్గరుంది. పొడి గుళికల్లా ఉండే డ్రై ఫుడ్‌లో తేమ సుమారు 10 శాతం, మెత్తగా తడిగా ఉండే వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం. పిల్లి పూర్వీకులు పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. వేటాడిన జంతువు నుంచే వాటికి చాలావరకు నీళ్లు అందేవి. అందుకే పిల్లికి దాహం వేసి నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లే గుణం తక్కువ. మూత్ర సమస్యలు ఉన్నవాటికి డాక్టర్లు వెట్ ఫుడ్ చెప్పేది ఇందుకే. డ్రై ఫుడ్‌కు దాని లాభాలు దానికున్నాయి: చవక, నిల్వ ఉంటుంది, పొద్దున పెట్టి ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. దాంతో వచ్చే చిక్కు కూడా అదే, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటే పిల్లి ఎప్పుడూ తింటూనే ఉంటుంది, లావెక్కుతుంది. కొలిచి పెట్టాలి. వెట్ ఫుడ్ తెరిచాక గంటలకొద్దీ బయట ఉంచకూడదు, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాలి.

రెండూ కలిపి పెట్టడమే చాలా ఇళ్లకు సరిపోతుందని నా అభిప్రాయం: రోజుకు ఒకటి రెండు పూటలు వెట్, మిగతాది కొలిచిన డ్రై. రెండు రకాలకూ అలవాటు పడిన పిల్లికి రేపు జబ్బు చేస్తే డాక్టర్ చెప్పిన ఫుడ్ తినిపించడం కూడా తేలిక. ప్యాకెట్ మీద బొమ్మ కాదు, అది సంపూర్ణ సమతుల ఆహారమని రాసి ఉందో లేదో చూడండి. కొన్ని అందమైన డబ్బాలు నిజానికి చిరుతిండి మాత్రమే. ఏడాది లోపు కూనకు కిట్టెన్ ఫుడ్ వేరే కొనాలి. మొదటిసారి చిన్న సంచే తీసుకోండి. ఫుడ్ మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి. కొత్త ఇంట్లో మొదటి పూట తినకపోవడం మామూలే, ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేయండి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక పాలు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలో బాగుంటుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పాల గిన్నె లిస్టులోంచి కొట్టేయండి.

గిన్నెల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. స్టీలు లేదా పింగాణీ, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. ప్లాస్టిక్‌కు గీతలు పడి వాటిలో బాక్టీరియా చేరుతుంది, కొన్ని పిల్లులకు గడ్డం కింద మొటిమల్లాంటివి రావడానికి ఇదీ ఒక కారణమంటారు. జంట గిన్నెలు కొనకండి. తిండి పక్కన నీళ్లు ఉంటే చాలా పిల్లులు తాగవు, లిట్టర్ ట్రే పక్కన అసలే తాగవు. నీళ్ల ఫౌంటెన్ కొన్ని పిల్లుల చేత ఎక్కువ తాగిస్తుంది, కొన్నిటికి అక్కర్లేదు. ఫిల్టర్ మార్చే ఓపిక ఉంటే నెల తర్వాత ఆలోచించండి.

క్యారియర్

మొదటి రోజు మొదట వాడేది ఇదే. గట్టి ప్లాస్టిక్‌దా, మెత్తటి బట్ట సంచా? నా మొగ్గు ప్లాస్టిక్ వైపే, అది కూడా పై సగం ఊడొచ్చే రకం వైపు. ఎందుకో డాక్టర్ దగ్గర తెలుస్తుంది. ముందు తలుపు ఒక్కటే ఉన్న క్యారియర్‌లోంచి భయపడ్డ పిల్లిని తీయాలంటే లాగాలి. అది నాలుగు కాళ్లూ గోడలకు తన్నిపెట్టి ఉంటుంది. పై భాగం క్లిప్పులు విప్పి ఎత్తేస్తే, పిల్లి తన కింద సగంలో, తన గుడ్డ మీదే కూర్చుని ఉండగా డాక్టర్ పరీక్ష చేసేయవచ్చు. దారిలో మూత్రం పోసినా తుడవడం, కడగడం నిమిషాల పని.

బట్ట క్యారియర్ తేలిక, మడిచి పెట్టుకోవచ్చు, బస్సులోనో రైల్లోనో ఒళ్లో పెట్టుకోవడానికి బాగుంటుంది. నెమ్మదైన పిల్లికి సరిపోతుంది. జిప్‌కు లాక్ ఉందో లేదో చూసి కొనండి, మొండి పిల్లి ముక్కుతో తోసి జిప్ తెరుస్తుంది. పారదర్శక డోమ్ బ్యాక్‌ప్యాకు ఫొటోలకు బాగుంటుంది. దాక్కోవాలనుకునే జంతువును అద్దాల గదిలో పెట్టి ఊరేగించడం, ఎండలో లోపల వేడెక్కడం నాకు నచ్చవు. అట్టపెట్టె క్యారియర్ ఒక్క ప్రయాణానికి మాత్రమే, తడిస్తే అడుగు ఊడిపోతుంది.

ఏదైనా లోపల పిల్లి నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి. ఇంటికి వచ్చాక దాన్ని అటక మీద పెట్టేయకండి. తలుపు తెరిచి, మెత్తటి గుడ్డ వేసి గది మూలన ఉంచితే అదే పిల్లి పడకవుతుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లేరోజు వెంటపడి పట్టుకునే పని తప్పుతుంది.

గోళ్లకు పోస్ట్, ఎక్కడానికి ఎత్తు

పిల్లి గోళ్లు గీరడం మీ సోఫా మీద కోపంతో కాదు. గోరు పై పొరను ఊడగొట్టుకోవాలి, ఒళ్లు విరుచుకోవాలి, పంజాల్లోని గ్రంథుల వాసనతో ఇది నా చోటు అని గుర్తు పెట్టుకోవాలి. ఈ మూడూ ఎక్కడో ఒకచోట జరిగి తీరతాయి. దుకాణాల్లో ఎక్కువగా కనబడే మోకాలెత్తు పోస్ట్‌లు రెండో పనికి, అంటే ఒళ్లు విరుచుకోవడానికి, పనికిరావు. వెనక కాళ్ల మీద నిలబడి పూర్తిగా చాచాలంటే ఎత్తు 80 సెం.మీ.కు తగ్గకూడదు. అడుగు బరువుగా ఉండాలి. ఒక్కసారి ఊగి మీద పడబోయిందంటే ఇక పిల్లి దాని జోలికి వెళ్లదు. పోస్ట్‌కు చుట్టేదాని విషయానికొస్తే సైసల్ (నార) తాడు మంచిది, కార్పెట్ గుడ్డ చుట్టినది కొంటే ఇంట్లో కార్పెట్ కూడా పోస్టేనని పిల్లి అనుకోవడంలో తప్పులేదు.

కొన్ని పిల్లులు నిలువుగా కాకుండా నేల మీద అడ్డంగా గీరతాయి. మీది ఏ రకమో ముందే తెలియదు కాబట్టి ఒక మంచి పోస్ట్, దానితోపాటు చవకైన అట్ట పలక ఒకటి తీసుకోండి. వాటిని మూలన దాచకుండా సోఫా పక్కన, పిల్లి పడుకునే చోటు దగ్గర పెట్టండి. గోళ్లు తీయించేయడం అనే మార్గం గురించి ఎవరైనా చెబితే వినకండి. అది గోరు కత్తిరించడం కాదు, వేలి చివరి ఎముకనే తీసేయడం. చాలా దేశాల్లో నిషేధం. ఒక చిన్న నెయిల్ క్లిప్పర్ చాలు.

క్యాట్ ట్రీ (పిల్లి ఎక్కి కూర్చోవడానికి అంతస్తులున్న స్టాండు) కొనే ఉద్దేశం ఉంటే లావాటి స్తంభాలకు సైసల్ చుట్టినది చూడండి, పోస్ట్ ఖర్చు కలిసొస్తుంది. లేదంటే కిటికీ పక్కన గట్టి షెల్ఫ్ ఒకటి ఖాళీ చేసినా పిల్లికి సంతోషమే.

పరుపుకు మాత్రం డబ్బు పెట్టకండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో, షెల్టర్‌కు కొత్తగా వచ్చిన పిల్లుల్లో దాక్కోవడానికి పెట్టె ఇచ్చినవి, ఇవ్వనివాటికంటే త్వరగా కుదురుకున్నాయి. ఆన్‌లైన్ ఆర్డర్లతో వచ్చిన అట్టపెట్టెల్లో ఒకటి పక్కకు తిప్పి, పాత టీషర్ట్ వేయండి.

బొమ్మల్లో ఒక్క ఈకల కర్ర చాలు. మీరు ఆడించాలి, ఆట అయ్యాక బీరువాలో పెట్టేయాలి, ఎందుకంటే మింగిన దారం పేగుల్ని కోసేయగలదు. లేజర్ లైటుతో ఆడించేవాళ్లు చివర్లో చేతికి చిక్కే బొమ్మ ఒకటి విసరండి, ఎంతకీ దొరకని వేట పిల్లికి చిరాకు. బ్రష్ పొట్టి బొచ్చు పిల్లికి రబ్బరుది, పొడుగు బొచ్చుకు లోహపు పళ్లది. కాలర్ వేస్తే గట్టిగా లాగినప్పుడు దానంతట అదే విడిపోయే రకమే వేయాలి, బెల్టు బకిల్ రకం కొమ్మకు చిక్కితే మెడకు ఉరవుతుంది. కాలర్ పోవచ్చు, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ పోదు. మొదటి చెకప్‌లోనే వేయించి, మీ ఫోన్ నంబర్ రిజిస్టర్ చేయించండి.

ఇంట్లోంచి తీసేయాల్సినవి

కొనే లిస్టు పూర్తయ్యాక ఇంకో లిస్టుతో ఇల్లంతా ఒకసారి తిరగండి. లిలియం, డే లిల్లీ జాతుల లిల్లీ పూలు ఇంట్లో ఉండకూడదు. ఆకు కొరికినా, ఒంటికి అంటిన పుప్పొడి నాకినా, కుండీలోని నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. కుక్కల గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే అది పిల్లికి విషం, మోతాదు తగ్గించి వేద్దామనుకోవడం కూడా ప్రమాదమే. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. సువాసన నూనెలను గాల్లోకి వదిలే ఎసెన్షియల్ ఆయిల్ డిఫ్యూజర్లు, రబ్బరు బ్యాండ్లు, కుట్టు దారాలు, సూదులు సొరుగులోకి వెళ్లాలి. పై అంతస్తులో ఉంటున్నవాళ్లు కిటికీలకు, బాల్కనీకి గట్టి మెష్ బిగించాకే పిల్లిని తీసుకురండి. మామూలు దోమతెర పిల్లి బరువును ఆపలేదు.